రౌటర్, మోడెమ్, డాబా మీద కెమెరా: ఇంటి ఎర్తింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇంటర్నెట్ తీగలు లాగి, రౌటర్లు, కెమెరాలు బిగించే పని నాది. ఏటా ఎండాకాలం చివర తొలి గాలివాన కురిసిన మర్నాడు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే అనుమానం: "రౌటర్‌కు ఎర్త్ లేకపోవడం వల్లే పోయిందా?" చాలాసార్లు కాదు. ఎర్త్ కావలసింది రౌటర్‌కు కాదు, ఇంటికి. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే లోహపు తీగలకు కూడా కావాలి. వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ రాసి పెట్టాను. స్విచ్ బోర్డు విప్పవలసిన పనులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

రౌటర్ అడాప్టర్‌కు రెండు పిన్నులే ఉన్నాయి. ప్రమాదం కాదా?

కాదు. అడాప్టర్‌ను తిప్పి చూడండి. సన్నని అక్షరాల మధ్య ఒక చదరంలో ఇంకో చదరం గీసిన గుర్తు కనిపిస్తుంది. లోపలి 230 వోల్టులకూ మన చేతికీ మధ్య రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్‌తో పని లేకుండానే దాన్ని తయారు చేశారని ఆ గుర్తుకు అర్థం. బయటికి వచ్చేది సాధారణంగా 12 వోల్టుల డీసీ. పాతది పోయాక చవకగా దొరికిందని తెచ్చుకున్న అడాప్టర్ మీద ఆ గుర్తు లేకపోతే మాత్రం దాన్ని వాడకండి.

మరి ఎర్త్ కావలసినవి ఏవి?

మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చినవన్నీ. డెస్క్‌టాప్ కంప్యూటర్, ఇనుప డబ్బాలో ఉండే పెద్ద నెట్‌వర్క్ స్విచ్ (ఒక ఇంటర్నెట్ తీగను చాలా పరికరాలకు పంచే పెట్టె), యూపీఎస్, గోడకు బిగించే ఇనుప రాక్ ఈ కోవలోకి వస్తాయి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. దూర్చేటప్పుడు అందరికంటే ముందు అది తగలాలి, పీకేటప్పుడు అందరికంటే చివర అది వదలాలి. అంత ఆలోచించి పెట్టిన పిన్నును రంపంతో కోసేసి రెండు రంధ్రాల బోర్డులో దూర్చిన ఇళ్లు చూశాను. ఒక చోట కోసిన ముక్కను జాగ్రత్తగా డబ్బాలో దాచి మరీ చూపించారు.

కంప్యూటర్ డబ్బా తాకితే చేతికి జివ్వుమంటోంది. కంప్యూటర్ పాడైందా?

చాలావరకు కంప్యూటర్ బాగానే ఉంటుంది, ఇంటి ఎర్తే లేదు.

పటమటలో ఒక ఇంటికి వైఫై సరిచేయడానికి వెళ్లాను. బల్ల తుడుస్తున్న పెద్దావిడ "ఇది నన్ను కరుస్తోంది నాయనా, మావాడు నమ్మడం లేదు" అన్నారు. వాళ్ల అబ్బాయి నవ్వుతూ డబ్బా మీద చెయ్యి వేసి చూపించాడు. అతని కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. ఆవిడ ఉత్త కాళ్లతో, అప్పుడే తడిగుడ్డ పెట్టిన మొజాయిక్ నేల మీద నిలబడ్డారు. మల్టీమీటర్ ఒక మొనను డబ్బా స్క్రూకి, రెండోదాన్ని న్యూట్రల్‌కు (కరెంటు వెనక్కి పోయే తీగకు) ఆనిస్తే 108 వోల్టులు చూపింది. ఆవిడ చెప్పిందే నిజం.

జరిగేది ఇది. కంప్యూటర్ పవర్ సప్లైలో రేడియో అలజడిని అణచడానికి ఫేజు (కరెంటు తెచ్చే తీగ) నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కెపాసిటర్లను ఇనుప డబ్బాకు కలుపుతారు. డబ్బాకు ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే డబ్బా ఆ రెండింటి మధ్య, అంటే 230లో సగం దగ్గర, 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కరెంటు సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ లోపే కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది. అయితే ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కంప్యూటర్, మానిటర్, ప్రింటర్, యూపీఎస్ కలిపితే అన్నింటి లీకేజీ ఒకే తీగ మీద కూడుతుంది. ఎర్త్ లేని చోట ఏ రోజైనా నిజంగానే ఫేజు తీగ డబ్బాకు తగిలితే, దాన్ని కూడా "ఎప్పుడూ ఉండే జివ్వే" అనుకుని ముట్టుకుంటారు. నా భయమంతా దాని గురించే.

ఇంకో నష్టం కూడా ఉంది. తేలుతున్న డబ్బాకు టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ కలిపేటప్పుడు చిటుక్కున నిప్పురవ్వ లేస్తుంది. అలా పోయిన టీవీ పోర్టులకు లెక్క లేదు.

లాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే కూడా అలాగే గరగరలాడుతోంది.

రెండు పిన్నుల చార్జర్, లోహపు మూత ఉన్న లాప్‌టాప్‌లో ఇది మామూలే. చార్జర్‌కు మూడు పిన్నుల తీగ ఉంటే, బోర్డులో ఎర్త్ పనిచేస్తుంటే పోతుంది.

బోర్డులో మూడో రంధ్రం ఉంది. దాని వెనుక ఎర్త్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

టెస్టర్ బల్బుతో తేల్చలేరు. ఎర్త్ రంధ్రంలో పెడితే వెలగలేదంటే అక్కడ కరెంటు లేదని తెలుస్తుంది, అంతే. అసలు తీగే లేని రంధ్రంలోనూ అది వెలగదు.

మల్టీమీటర్ కొంత నయం. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఇక్కడ ఒక మోసం ఉంది. తెగిపోయిన ఎర్త్ తీగ ఫేజు తీగ పక్కనే గొట్టంలో పది మీటర్లు సాగితే మీటరులో ఏవో 60, 90 వోల్టులు కనిపిస్తూ ఉంటాయి. ఆ అంకె వెనుక బలం ఉండదు. అందుకే ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే దారి ఉన్నట్టు, మిణుకుమంటే ఎక్కడో జాయింటు వదులైనట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉన్న ఇంట్లో ఇలా చేయగానే అది పడిపోతుంది. అలా పడిపోవడమే శుభవార్త, ఎర్త్‌కు దారి ఉన్నట్టు. ఇంటి ఎర్త్ తీగను భూమిలో పాతిన గుంట ఎంత బాగుందో ఓమ్‌లలో (అంకె ఎంత తక్కువైతే అంత మంచిది) తేల్చడానికి మాత్రం ఎర్త్ టెస్టర్ అనే వేరే పరికరం కావాలి.

గుంట ఎండిందని చెప్పి, మా ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ నుంచి ఎర్త్ రంధ్రానికి చిన్న తీగ కలిపి వెళ్లాడు. జివ్వు పోయింది. ఇక బాగున్నట్టేనా?

జివ్వు పోయింది, ప్రమాదం పెరిగింది. ఈ రోజే తీయించండి.

వాళ్ల వాదన వినడానికి బాగానే ఉంటుంది: "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలోనే పాతారు కదండీ, రెండూ ఒకటే." అక్కడ ఒకటే. అక్కడి నుంచి మీ గోడ దాకా స్తంభం మీద జాయింటు, సర్వీసు వైరు, మీటరు, ఫ్యూజు ఉన్నాయి. గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందనుకోండి. తిరుగుతున్న ఫ్యాను గుండా, వెలుగుతున్న బల్బు గుండా వచ్చిన 230 వోల్టులు వెనక్కి పోయే దారి లేక, ఆ చిన్న తీగ గుండా మీ కంప్యూటర్ డబ్బాకు, ఫ్రిజ్ తలుపుకు, వాషింగ్ మెషిన్ ఒంటికి చేరుతాయి. ఎక్కడైనా మరమ్మతు చేస్తూ ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసినా అంతే, ఆ క్షణం నుంచే డబ్బా ఫేజు అవుతుంది. ఆర్‌సీసీబీ ఉందిలే అనుకోవద్దు. డబ్బాలోకి వచ్చిన కరెంటు ఆ తీగ గుండా మళ్లీ న్యూట్రల్‌లోకే చేరుతుంది కాబట్టి, పోయిన దానికీ వచ్చిన దానికీ లెక్క సరిపోయి ఆర్‌సీసీబీ ఊరుకుంటుంది.

అద్దె ఇంట్లో ఇలాంటి తీగ ఉందో లేదో అనుమానమైతే ఒక ఉపాయం. అదే బోర్డుకు ఇస్త్రీ పెట్టె తగిలించి, వేసి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. నిజమైన ఎర్త్ అయితే కరెంటు వాడకం పెరగగానే అంకె కొంచెమైనా పెరుగుతుంది. ఇస్త్రీ పెట్టె వేసినా సున్నా సున్నాగానే కూర్చుంటే, బోర్డు విప్పించి చూడండి.

ఎండాకాలంలో ఎర్త్ పనిచేయదు, వానాకాలంలో పనిచేస్తుంది. నిజమేనా?

నిజమే, గుంటూరు వైపు మరీ. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును చక్కగా తీసుకుంటుంది. రోహిణి కార్తె నాటికి అదే నేల చెయ్యి పట్టేంత బీటలు వారి, పాతిన గొట్టం చుట్టూ గాలి చేరుతుంది. విజయవాడలో పేచీ వేరు. కృష్ణలంక వైపు ఒండ్రు నేల, గొట్టం సులువుగా దిగుతుంది. మొగల్రాజపురం, గుణదల కొండవాలుల్లో రెండు అడుగులు తవ్వగానే రాయి. అక్కడ గొట్టాన్ని సగంలో ఆపేసి పైన సిమెంటు చేసేసినవి చూశాను. మూత తీసి చూస్తే తప్ప తెలియదు.

మన దేశపు ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043. పైపు పాతే పద్ధతిలో గొట్టం కనీసం 2.5 మీటర్లు ఉండాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయడం పాత పద్ధతి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది నిజమే, గొట్టాన్ని తినేస్తుంది కూడా. పదిహేనేళ్ల గుంటలో గొట్టం బదులు తుప్పు పొట్టు దొరికిన సందర్భాలున్నాయి. బెంటొనైట్ మట్టి నింపిన గుంటలు తేమను ఎక్కువ కాలం నిలుపుకుంటాయి. రాతి నేలలో ఒక లోతైన గొట్టం దిగకపోతే, దూరం దూరంగా రెండు మూడు పాతి కలపాలి. మార్చి నుంచి వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పోయడం మరవకండి. బట్టలు ఉతికిన నీళ్లైనా సరే.

మా గుంట 20 ఓమ్‌లు చూపింది. ఎంసీబీ ఉంది కదా, సరిపోదా?

లెక్క వేసి చూడండి. ఫేజు తీగ డబ్బాకు తగిలితే 230ని 20తో భాగిస్తే వచ్చే కరెంటు 11.5 ఆంపియర్లు. మీ ఎంసీబీ (కరెంటు హద్దు మించితే పడిపోయే స్విచ్) 16 ఆంపియర్లది. అది ఎప్పటికీ పడదు, డబ్బా కరెంటుతో అలాగే ఉంటుంది. గుంటను 5 ఓమ్‌లకు తెచ్చినా 46 ఆంపియర్లే, ఎంసీబీ పడడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. అందుకే గుంటతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కొత్త రౌటర్‌కు పెట్టే డబ్బు ముందు దానికి పెట్టమని నా సలహా.

రౌటర్ పక్కనే కిటికీ బయట ఒక ఇనుప ఊచ పాతి వేరే ఎర్త్ ఇస్తే?

వద్దు. ఉన్నదాంట్లో ఇదే అతి చెడ్డ ఆలోచన. దగ్గర్లో పిడుగు పడితే ఆ కరెంటు నేలలో పాకుతూ పోతుంది. మీ ఇంటి ముందు గుంట దగ్గర ఒక వోల్టేజీ, కిటికీ కింద ఊచ దగ్గర ఇంకో వోల్టేజీ ఏర్పడతాయి. తేడా వేల వోల్టులు ఉండవచ్చు. ఆ రెంటినీ కలిపే దారి మీ రౌటరే అవుతుంది. ఎన్ని గుంటలు ఉన్నా అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి.

ఫైబర్ వచ్చాక పిడుగు భయం లేనట్టేనా?

ఫైబర్ అంటే గాజు తీగ, అందులో కరెంటు రాదు. కానీ వీధి స్తంభం నుంచి మీ బాల్కనీకి వేలాడే నల్ల తీగను ఒకసారి పరిశీలించండి. చాలా వాటిలో గాజు పోగు పక్కన బరువు మోయడానికి ఒక ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని బయటి గోడ దగ్గరే చీల్చి, కొక్కేనికి కట్టి, అక్కడితో ఆపేయాలి. బిగించేవాళ్లు తొందరలో ఉక్కు తీగతో సహా హాల్లోకి లాగి మోడెమ్ వెనుక చుట్ట చుట్టి వదిలేస్తుంటారు. మీ ఇంట్లో అలా ఉంటే చెప్పి కత్తిరింపించండి, రెండు నిమిషాల పని.

ఇది కాక, మోడెమ్‌కు కరెంటు తీగ ఉండనే ఉంది. టీవీ కోసం ఇంకా రాగి కేబుల్ ఉంటే అదీ దారే. ఎవరి ఇంటి కరెంటుతోనో నడిచే యాంప్లిఫయర్ నుంచి నాలుగు మేడలు దాటి వచ్చిన కేబుల్ అది. దాని లోహపు తొడుగు మీ టీవీని తాకుతుంది, టీవీ రౌటర్‌ను తాకుతుంది. ఇంట్లోకి వచ్చే చోటే ఆ తొడుగును ఇంటి ఎర్త్‌కు కలపాలి. మా ఊళ్లలో ఈ పని చేసిన ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

డాబా మీద కెమెరా పెట్టించాం. దానికి ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో నేనే పెట్టిన కెమెరా గురించి చెబుతాను, తప్పు నాదే కాబట్టి. వీధంతా కనబడాలని ఇంటివారు అడిగితే, నీళ్ల ట్యాంకు పక్కన పొడవాటి ఇనుప గొట్టం నిలబెట్టి పైన బిగించాను. కింది దాకా ముప్ఫై మీటర్ల కేబుల్. మే నెలాఖరులో ఒక సాయంత్రం రెండు వీధుల అవతల కొబ్బరి చెట్టు మీద పిడుగు పడింది. ఇంటి మీద పడలేదు. అయినా కెమెరా, దానికి కేబుల్ గుండానే కరెంటు ఇచ్చే నెట్‌వర్క్ స్విచ్, రౌటర్ లాన్ పోర్టులు (నెట్‌వర్క్ తీగలు గుచ్చే రంధ్రాలు), టీవీ వరుసగా పోయాయి. స్విచ్ విప్పితే కెమెరా పోర్టు వెనుక చిన్న నల్ల ట్రాన్స్‌ఫార్మర్ పెచ్చు లేచి, పక్కన బోర్డు మీద గోరంత మసి మరక ఉంది.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాపలా కోసమే ఉంటుంది. ప్రతి లాన్ పోర్టులోనూ తీగకూ లోపలి చిప్‌కూ మధ్య 1500 వోల్టులు తట్టుకునే అడ్డు ఉండాలని లాన్ తీగలకు వర్తించే ఈథర్నెట్ ప్రమాణం చెబుతుంది. ఇంట్లో రోజువారీ తేడాలకు అది చాలు, అందుకే మామూలు లాన్ తీగకు ఎర్త్ అక్కరలేదు. పొడవాటి తీగ మీద పిడుగు పుట్టించే వేల వోల్టుల ముందు అది నిలవదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. కెమెరాను పిట్టగోడ కన్నా ఎత్తులో పెట్టను, సన్‌షేడ్ కింద పెడతాను. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట లాన్ సర్జ్ అరెస్టర్ (హద్దు మీరిన వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే ముక్క) పెట్టి, దాని పచ్చ తీగను ఇంటి ప్రధాన ఎర్త్‌కు కలుపుతాను. ఎర్త్‌కు కలపని అరెస్టర్ ఉత్త జాయింటు ముక్క. కెమెరాల స్విచ్‌కూ ఇంటి రౌటర్‌కూ మధ్య ఒక మీటరు ఫైబర్, అటూ ఇటూ మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సంకేతాన్ని కాంతిగా, కాంతిని మళ్లీ రాగి తీగ సంకేతంగా మార్చే పెట్టెలు) వేస్తాను. కెమెరాల వైపు పిడుగు దెబ్బ తగిలినా, అది ఆ గాజు ముక్క దాటి టీవీ దాకా రాదు.

పక్క ఇంట్లో ఉండే అన్నయ్య వాళ్లకు మా రౌటర్ నుంచే తీగ లాగవచ్చా?

రాగి తీగ వద్దు. రెండిళ్లకు రెండు గుంటలు, బహుశా రెండు వేర్వేరు ఫేజులు. లోహపు తొడుగున్న కేబుల్ అయితే రెండిళ్ల ఎర్త్‌లను అదే కలిపేస్తుంది. ఫైబర్ వేయండి. ఒకే మేడలో పై వాటాకు, కింది వాటాకు అయితే మామూలు కేబుల్ చాలు.

షీల్డ్ ఉన్న కేబుల్ మంచిదని దుకాణంలో అంటున్నారు.

ఇంటికి అక్కరలేదు. షీల్డ్‌ను, అంటే ఆ లోహపు తొడుగును, కనీసం ఒక చివర సరిగా ఎర్త్ చేయకపోతే అది ఏరియల్‌లా పనిచేస్తుంది. డబ్బు మిగుల్చుకోండి.

ఎర్త్ బాగుంటే వైఫై వేగం పెరుగుతుందా?

పెరగదు.

సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్నాం. చాలు కదా?

దాని తీగ చివర ప్లగ్గు చూడండి. పైన మూడు రంధ్రాలు, కింద రెండు పిన్నుల ప్లగ్గు ఉన్నవి చవకగా అమ్ముతారు. వాటిలో మూడో రంధ్రం అలంకారం. మంచి బాక్సు అయినా, లోపలి వేరిస్టర్లు హద్దు మీరిన వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లిస్తాయి. ఎర్త్ లేకపోతే ఫేజు, న్యూట్రల్ మధ్య పని మాత్రమే మిగులుతుంది. పైగా అవి దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరుగుతాయి, సూచిక దీపం ఆరితే బాక్సు మార్చాలి. మీటరు తర్వాతి డిస్ట్రిబ్యూషన్ బోర్డులోనే టైప్ 2 సర్జ్ పరికరం పెట్టించుకోవడం మేలు. దాని తీగలు అర మీటరు మించకుండా పొట్టిగా ఉండాలి, చుట్టలు చుట్టి అందంగా కట్టకూడదు.

మొన్న వీధిలో పది ఇళ్లలో ఒకేసారి అడాప్టర్లు పేలాయి. ఎర్త్ లేకనా?

ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు జరిగితే న్యూట్రల్ తెగి ఉంటుంది. అప్పుడు కొన్ని ఇళ్లకు 230 బదులు 400 దాకా వస్తుంది, పక్క ఇళ్లలో బల్బులు మసకబారతాయి. దీన్ని మీ ఎర్త్ ఆపలేదు. హద్దు దాటగానే సరఫరా తెంచే వోల్టేజీ ప్రొటెక్టర్ కావాలి. లైట్లు ఒక్కసారిగా మరీ ప్రకాశంగా వెలిగితే మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

రౌటర్ మినీ యూపీఎస్‌కు ఎర్త్ కావాలా?

అక్కరలేదు. పెద్ద ఇన్వర్టర్‌కు కావాలి. దాన్ని ఎర్త్ రంధ్రం చచ్చిన బోర్డుకు తగిలించి, అన్ని గదులకూ దాని నుంచే తీగలు లాగిన ఇళ్లున్నాయి.

వరదలో బోర్డులు మునిగాయి. ఎండబెట్టి వాడుకోవచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగిన తర్వాత ఈ ప్రశ్న నెలల తరబడి వచ్చింది. తీగలను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పరీక్షించాకే మెయిన్ వేయాలి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, ప్లగ్ పాయింట్లు మార్చేయండి, లోపలి బురద ఎండినా పోదు. చాలామంది మరిచేది ఎర్త్ జాయింటు. గుంట దగ్గర నట్టు, బోల్టు తుప్పు పట్టి, తీగ పైకి బాగానే ఉన్నా పట్టు ఉండదు. విప్పి, గీకి, మళ్లీ బిగించాలి.

ఉరుములు మొదలయ్యాయి. ఏది ముందు పీకాలి?

ఉరుము వినబడ్డాక పిడుగు ఎప్పుడో దగ్గరికొచ్చేసింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. తొమ్మిది సెకన్లు ఉంటే మూడు కిలోమీటర్లు, అప్పటికి తీగల జోలికి వెళ్లవద్దు. మబ్బు పట్టినప్పుడే, పుణె వాతావరణ పరిశోధన సంస్థ వారి దామిని యాప్‌లో చూసి పీకేయండి. రౌటర్ నుంచి బయటికి వెళ్లే కెమెరా కేబుల్, టీవీ కేబుల్, కరెంటు ప్లగ్గు మూడూ తీయాలి. స్విచ్ ఆపితే చాలదు, పిడుగు కిలోమీటర్లు దూకి వచ్చింది, స్విచ్‌లోని సన్నని ఖాళీని దాటలేదా?

పిడుగు తర్వాత రౌటర్ వెలుగుతోంది, వైఫై వస్తోంది, ఒక లాన్ పోర్టు మాత్రం పనిచేయడం లేదు.

ఆ పోర్టు ట్రాన్స్‌ఫార్మరో, దాని వెనుక చిప్పో పోయింది. మిగతా పోర్టులతో కొంతకాలం నడవవచ్చు. కొత్త రౌటర్ కొంటే మాత్రం పాత తీగను వెంటనే దానికి గుచ్చకండి. అవతలి చివర ఉన్న కెమెరాలో కరెంటు తప్పుదారిన లాన్ తీగలోకి వస్తుంటే కొత్తదీ అదే రోజు పోతుంది. ముందు ఆ తీగను ఏదైనా పాత స్విచ్‌కు తగిలించి ఒక పూట చూడండి.